‘మంజూరైంది’ అంటే ఏ మెట్టు మీద ఉన్నట్టు?

పోయిన ఎండాకాలం మా మండలంలో ఒక ఊరి సభకు వెళ్లాను. స్కూలు ఆవరణలో టెంటు వేశారు, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. బడ్జెట్ సమావేశాలు ముగించుకుని వచ్చిన ఎమ్మెల్యే గారు మైకు తీసుకుని, అసెంబ్లీలో ఏం మాట్లాడారో, నియోజకవర్గానికి ఏమేం తెచ్చారో చెప్పుకొచ్చారు. రోడ్లకు ఇన్ని కోట్లు, కల్వర్టులకు ఇన్ని లక్షలు, అన్నీ మంజూరయ్యాయి అన్నారు. చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను.

వెనక వరసలోంచి మహిళా సంఘం లీడరు ఒకామె లేచింది. ‘‘సార్, వాగు మీద కల్వర్టుకు జీవో వచ్చిందా? టెండర్ అయిందా?’’ అని అడిగింది. ఎమ్మెల్యే గారు పక్కనున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వైపు చూశారు. ‘‘ఎస్టిమేట్లు పైకి పంపామండీ’’ అన్నాడాయన.

ఎస్టిమేట్లు పంపడం అంటే పని ఇంకా మొదటి మెట్టు మీదే ఉందని. ఆ ఎమ్మెల్యే అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. ఆయన దృష్టిలో అది మంజూరే. మంత్రి గారు సరే అన్నారు, లెటరు తీసుకున్నారు, ఫైలు కదిలింది. చిక్కంతా ఆ ఒక్క మాటతోనే. ‘మంజూరు’ అన్నది మన దగ్గర కనీసం ఐదారు దశలకు వాడే మాట. చెప్పేవాళ్లు ఒక దశ మనసులో పెట్టుకుని చెబుతారు, వినేవాళ్లు చివరి దశ అనుకుని వింటారు. మధ్యలో రెండేళ్లో మూడేళ్లో గడిచిపోతాయి. వాగు పొంగినప్పుడల్లా పిల్లలు బడి మానేస్తారు.

నాకు ఈ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. మా నాన్న చిన్న కాంట్రాక్టర్. సీసీ రోడ్లు, డ్రైన్లు, స్కూలు గదులు, పంచాయతీరాజ్ పనులు చేసేవాడు. మాది ఖమ్మం జిల్లా, అమ్మ పుట్టిల్లు కృష్ణా జిల్లా. కాబట్టి రెండు రాష్ట్రాల బడ్జెట్ ముచ్చట్లూ మా ఇంట్లో వినబడేవి. బడ్జెట్ రోజు టీవీ ముందు కూర్చునేది మా నాన్న ఒక్కడే. ఆయన చూసేది ఒక్కటే: పాత బిల్లులకు ఈసారైనా డబ్బు పెట్టారా లేదా అని.

అసెంబ్లీలో బడ్జెట్ చర్చ ఎలా నడుస్తుందో, అక్కడ మన ఎమ్మెల్యే చేతిలో నిజంగా ఏం ఉంటుందో, ఆ డబ్బు మన ఊరికి ఏ దారిలో వస్తుందో తెలిస్తే సభలో ఏం అడగాలో మనకే తెలుస్తుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అసెంబ్లీలో ఏం జరుగుతుంది

రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ రాష్ట్ర ఆదాయ వ్యయాల లెక్క శాసనసభ ముందుకు రావాలి. మనం బడ్జెట్ అనేది దాన్నే. ఆర్థిక మంత్రి ప్రసంగం చదివిన రోజు టీవీల్లో హడావుడి ఉంటుంది కానీ అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ముందు బడ్జెట్ మొత్తం మీద సాధారణ చర్చ. ఆ తర్వాత శాఖల వారీగా పద్దులు. విద్యకు ఒక పద్దు, వైద్యానికి ఒకటి, పంచాయతీరాజ్‌కు ఒకటి. ప్రతి పద్దునూ సభ ఆమోదించాలి. అన్నీ ఆమోదం పొందాక ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అది పాసైతేనే ఖజానా తాళం తెరుచుకుంటుంది. 204వ అధికరణ చెప్పేది అదే. ఆ చట్టం లేకుండా సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయడానికి వీల్లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 203వ అధికరణ ప్రకారం ఒక పద్దు వచ్చినప్పుడు శాసనసభ మూడే పనులు చేయగలదు: ఆమోదించడం, తిరస్కరించడం, తగ్గించి ఆమోదించడం. పెంచే అధికారం లేదు. గవర్నర్ సిఫార్సు లేకుండా, అంటే ఆచరణలో ప్రభుత్వం తనంతట తాను తేకుండా, ఏ పద్దూ సభకు రాదు. ‘‘మా నియోజకవర్గానికి ఇంకో పది కోట్లు కలపండి’’ అని ఎమ్మెల్యే సభలో ఎంత గట్టిగా మాట్లాడినా ఆ చర్చలో ఆ అంకె మారదు. అధికార పక్షం ఎమ్మెల్యే అయినా అంతే, ప్రతిపక్షం ఎమ్మెల్యే అయినా అంతే.

తగ్గించడానికి మాత్రం దారి ఉంది. కోత తీర్మానం అంటారు. లోక్‌సభ నిబంధనల్లో వీటికి మూడు రకాలున్నాయి. విధానాన్నే వ్యతిరేకిస్తున్నామని చెప్పడానికి పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోరేది ఒకటి. ఖర్చు తగ్గించమని ఇంత మొత్తం కోయమనేది ఇంకొకటి. ఒక ప్రత్యేక సమస్య ఎత్తి చూపడానికి వంద రూపాయలు తగ్గించమనేది మూడోది. కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వం ఓడినట్టే లెక్క, అందుకే అవి నెగ్గవు. కానీ ఆ వంద రూపాయల కోత పేరుతో ఒక ఊరి ఆసుపత్రి గురించి మాట్లాడే అవకాశం సభ్యుడికి వస్తుంది. మంత్రి జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆ జవాబు రికార్డుల్లోకి ఎక్కుతుంది. తర్వాత అడగడానికి అదే ఆధారం.

పద్దులన్నిటి మీదా చర్చ జరగదు కూడా. ఒకే రోజు అనేక పద్దులు కలిపి చర్చకు పెడతారు. కేటాయించిన రోజులు అయిపోతే మిగిలినవన్నీ చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటింగ్‌కు పెట్టేస్తారు. దీన్ని గిలెటిన్ అంటారు. వేల కోట్ల పద్దులు అలా నిమిషాల్లో పాసవుతాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. కొత్త స్కూలు గదికి లక్ష రూపాయలు ఎక్కువ అడిగితే పది సంతకాలు కావాలంటారు, ఒక శాఖ మొత్తం ఏడాది ఖర్చుకు మాత్రం చర్చ లేకపోయినా ఫర్వాలేదట.

ఇంకో మాట. ఎమ్మెల్సీలు బడ్జెట్ మీద మాట్లాడగలరు కానీ పద్దుల మీద ఓటు వేయలేరు. ద్రవ్య వినిమయ బిల్లు లాంటి ద్రవ్య బిల్లును శాసనమండలి 14 రోజుల్లో తిప్పి పంపాలి. అది చేసే సూచనలు వినాలన్న నిబంధన కూడా శాసనసభకు లేదు. ఓటున్నది ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలకే.

ఎన్నికల ఏడాది ఈ లెక్క ఇంకాస్త తికమకగా ఉంటుంది. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ అదే జరిగింది. తెలంగాణలో ఫిబ్రవరిలో ఓటాన్ అకౌంట్ పెట్టి, పూర్తి బడ్జెట్‌ను జులై 25న తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫిబ్రవరిలో పాత ప్రభుత్వం ఓటాన్ అకౌంట్ తీసుకుంది. జూన్‌లో ప్రభుత్వం మారింది. మధ్యలో ఆర్డినెన్స్‌తో బండి నడిపించి, పూర్తి బడ్జెట్‌ను నవంబర్ 11న పెట్టారు. అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో అప్పటికి మిగిలింది ఐదు నెలల లోపే. ఓటాన్ అకౌంట్ అంటే జీతాలు, పింఛన్లు, నడుస్తున్న పనులు ఆగకుండా కొన్ని నెలలకు తీసుకునే ముందస్తు అనుమతి. అలాంటి ఏడాది ‘‘మన రోడ్డు ఎందుకు మొదలుకాలేదు’’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఎమ్మెల్యేలు ఈ మాట జనానికి విడమరిచి చెబితే బాగుండేది. ఎక్కువమంది చెప్పలేదు.

పెద్ద అంకె వెనక

2025-26కు ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3,22,359 కోట్ల రూపాయలు, తెలంగాణది 3,04,965 కోట్లు. ఈ అంకెలు విన్నప్పుడు మన ఊరి కల్వర్టు ఎంత చిన్నదో అనిపిస్తుంది. మూడు లక్షల కోట్లలో పాతిక లక్షలు లేవా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా.

కానీ ఆ మొత్తంలో కొత్త రోడ్డుకో, చెరువుకో, భవనానికో పోయేది మూలధన వ్యయం అనే చిన్న ముక్కే. ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాదికి పెట్టుకున్న మూలధన వ్యయం 40,635 కోట్లు, తెలంగాణది 36,504 కోట్లు. అంటే వంద రూపాయల బడ్జెట్లో ఒక చోట పన్నెండున్నర, ఇంకో చోట పన్నెండు రూపాయలకు కాస్త తక్కువ. మిగతాదంతా జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు, సంక్షేమ పథకాలు, పాత అప్పుల చెల్లింపులు. వీటిలో చాలావాటిని ఏ ప్రభుత్వమూ ఆపలేదు. వడ్డీ కట్టకుండా ఉండలేరు కదా. అప్పుల మీద వడ్డీ, హైకోర్టు జడ్జీల జీతాలు లాంటివాటికి సభ ఓటు కూడా అక్కర్లేదు. చర్చించవచ్చు, అంతే.

అంటే 119 మంది ఎమ్మెల్యేలో 175 మందో పోటీ పడేది ఆ పన్నెండు రూపాయల కోసం. అందులోనూ పెద్ద ప్రాజెక్టులు ముందే తమ వాటా తీసేసుకుంటాయి.

బడ్జెట్ పుస్తకం తెరిస్తే ప్రతి లైనుకూ కొన్ని గడులు పక్కపక్కనే ఉంటాయి. రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది ఎంత, పోయినేడాది ఎంతని అంచనా వేశారు, తర్వాత సవరించి ఎంతన్నారు, రాబోయే ఏడాదికి ఎంత అంటున్నారు. సభల్లో, పేపర్లలో మనం వినేది ఎప్పుడూ చివరి గడి. అసలు సంగతి చెప్పేది మొదటి గడి. ఒక పథకానికి వంద కోట్లు పెట్టి, సవరించినప్పుడు నలభై అని, చివరికి ఇరవై ఖర్చు చేసి, కొత్త బడ్జెట్లో మళ్లీ వంద అని రాస్తే, అక్కడ డబ్బు లేదనే అర్థం. ఇది నేను ఉదాహరణకు చెప్పిన లెక్క. కానీ ఏ శాఖ పుస్తకం తీసినా ఇలాంటి లైన్లు కనిపిస్తాయి. ఈ పుస్తకాలు ఆర్థిక శాఖ వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉంటాయి. డిగ్రీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక ఆదివారం కూర్చోబెట్టి మీ జిల్లాకు సంబంధించిన నాలుగు లైన్లు వెతికించండి.

మార్చి 31 గండం ఒకటుంది. ఆ లోపు ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. వచ్చే ఏడాదికి దానంతట అది రాదు, మళ్లీ అడగాలి. అందుకే మార్చి చివరి వారంలో ఖజానా ఆఫీసుల దగ్గర జాతరలా ఉంటుంది. ఎస్సీ, ఎస్టీల నిధుల విషయంలో మాత్రం తెలంగాణ 2017లో తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం, ఖర్చు కాని మొత్తాన్ని తర్వాతి ఏడాదికి తీసుకెళ్లే వీలు కల్పించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం తర్వాతి అడుగు అది. మీ ఊరి ఎస్సీ కాలనీ పని మార్చితో ఆగిపోయిందని ఎవరైనా చెబితే, ఈ చట్టం పేరు గుర్తుపెట్టుకుని అడగండి.

జీవో నుంచి ఖాతా దాకా

బడ్జెట్ పాసైంది, మీ రోడ్డు పేరు కూడా ఎక్కడో జాబితాలో ఉంది అనుకుందాం. ఇక్కడి నుంచి మా నాన్న బతికిన లోకం మొదలవుతుంది.

ముందు ఏఈ వచ్చి కొలతలు తీసి ఎస్టిమేట్ వేస్తాడు. అది పై ఇంజినీర్లయిన డీఈ, ఈఈల మీదుగా పైకి పోతుంది. ప్రభుత్వం పరిపాలనా అనుమతి ఇస్తూ జీవో ఇస్తుంది. ఎమ్మెల్యేలు ఫొటో దిగేది, వాట్సాప్‌లో తిరిగేది ఈ కాగితంతోనే. ఈ పనిని ఇంత డబ్బుతో చేయడానికి ప్రభుత్వానికి అభ్యంతరం లేదు అన్నంత వరకే దాని అర్థం. డబ్బు విడుదలైందని కాదు.

తర్వాత ఇంజినీర్లు సాంకేతిక మంజూరు ఇస్తారు. ఇక్కడా మళ్లీ ‘మంజూరు’ అన్న మాటే. ఆ తర్వాత టెండరు. టెండరుకు ఎవరూ రాకపోతే మళ్లీ పిలుస్తారు. రెండోసారీ రాకపోతే పని అక్కడే కూర్చుంటుంది. ఎందుకు రారు అంటే, పాత పనుల బిల్లులు ఇంకా రాలేదు కాబట్టి. ఊళ్లో జనం ‘కాంట్రాక్టర్ దొరకట్లేదట’ అనుకుంటారు. నిజానికి కాంట్రాక్టర్లు ఉన్నారు, వాళ్ల దగ్గర డబ్బులే లేవు.

టెండరు అయ్యాక అగ్రిమెంటు. అప్పుడు పని మొదలు. ఏఈ వచ్చి జరిగిన పని కొలిచి ఎంబుక్‌లో రాస్తాడు. ఎంబుక్ అంటే కొలతల పుస్తకం. పని నిజంగా జరిగిందనడానికి సాక్ష్యం అదే. దాన్ని బట్టి బిల్లు తయారవుతుంది. ఆ బిల్లు దాన్ని పరిశీలించి పాస్ చేసే పీఏవో ఆఫీసుకో, ట్రెజరీకో పోతుంది. ఇప్పుడంతా ఆన్‌లైన్. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల పోర్టల్‌లో పెడతారు. బిల్లు పాసైతే టోకెన్ నంబర్ పడుతుంది. టోకెన్ పడ్డాక ఆర్థిక శాఖ డబ్బు వదలాలి. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోయాక మిగిలినదాంట్లోంచి వరసలో ఇస్తారు.

మా నాన్న ఒక స్కూలు ప్రహరీ కట్టాడు. ఎంబుక్ అయింది, బిల్లు పెట్టారు, టోకెన్ పడింది. డబ్బు చేతికొచ్చేసరికి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లూ సిమెంటు షాపు ఆయనకు ముఖం చూపించలేక ఆ వీధిలోకి వెళ్లడమే మానేశాడు. వడ్డీ పోను ఆ గోడ మీద ఆయనకు మిగిలింది ఏమీ లేదు. ఆ తర్వాత టెండర్లు వేయడం మానేశాడు. ఆ రోజుల్లో ఏ ఎమ్మెల్యే సభలోనైనా ‘బకాయి బిల్లులు’ అన్న మాట వినబడితే మా అమ్మ టీవీ సౌండు పెంచేది.

అందుకే నాకు అనిపిస్తుంది, ఎమ్మెల్యే నియోజకవర్గానికి చెప్పాల్సిన లెక్క కోట్లలో కాదు, మెట్లలో ఉండాలి. ఒక్క పేజీ చాలు. పని పేరు, జీవో నంబరు, తేదీ, ఎంత, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, ఆగితే ఎక్కడ ఆగింది. ‘‘ఫలానా తండా రోడ్డు, టెండరు రెండుసార్లు పిలిచాం, ఎవరూ రాలేదు, పాత బకాయిలు ఇంత ఉన్నాయి, వాటి గురించి మంత్రికి ఫలానా తేదీన రాశాను’’ అని ఉంటే జనం తిట్టరు. మన జనానికి కష్టం అర్థమవుతుంది. అర్థం కానిదల్లా, మంజూరైందన్న రోడ్డు మూడేళ్లయినా ఎందుకు మట్టిగా ఉందో అన్నదే.

సభలో అంకె పెంచలేని ఎమ్మెల్యే ఈ మెట్ల మీద మాత్రం చాలా చేయగలరు. బడ్జెట్ తయారీ జనవరి కంటే ముందే మొదలవుతుంది. శాఖలు ప్రతిపాదనలు పంపే రోజుల్లో ఈఈ ఆఫీసుకు వెళ్లి తన పనులు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకునే ఎమ్మెల్యేకు, ప్రసంగం రోజు టీవీలో చూసి తెలుసుకునే ఎమ్మెల్యేకు చాలా తేడా ఉంది. సమావేశాలు నడిచేటప్పుడు నక్షత్రం గుర్తు ప్రశ్న (సభలోనే నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) వేసి ‘ఫలానా వంతెన ఏ దశలో ఉంది’ అని అడిగితే మంత్రి జవాబు ఇవ్వాలి. మంత్రి ‘చేస్తాం’ అని హామీ ఇస్తే, అలాంటి హామీలు నెరవేరాయా లేదా చూడడానికి శాసనసభకు హామీల కమిటీ ఉంటుంది. మీ ఎమ్మెల్యే ఈ ఏడాది ఎన్ని ప్రశ్నలు వేశారు, వాటిలో మన మండలానికి సంబంధించినవి ఎన్ని? ఇది అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

ఆయన చేతిలో ఉన్న డబ్బు

ఎమ్మెల్యే నేరుగా ‘ఈ పని చేయండి’ అని సిఫార్సు చేసే నిధి వేరే ఉంది. తెలంగాణలో నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు. ఎమ్మెల్సీలకూ అంతే. 2024లో నియోజకవర్గానికి 10 కోట్ల చొప్పున ప్రత్యేక అభివృద్ధి నిధి ప్రకటించి, ఆ పనుల ఆమోదాన్ని జిల్లా ఇన్‌ఛార్జి మంత్రుల చేతిలో పెట్టారు. ప్రకటించినంతా విడుదలవుతుందా అన్నది మళ్లీ మెట్ల కథే.

ఎంపీ నిధి 1993 డిసెంబర్‌లో మొదలైంది. 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. కరోనా వచ్చినప్పుడు ఆపి, 2021 నవంబర్‌లో మళ్లీ ఇచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానం కింద ఏడేసి అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి. సమానంగా పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు పెట్టాలి. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది, పని చేయించేది జిల్లా యంత్రాంగం. గుడికో మసీదుకో చర్చికో ఈ డబ్బు వాడకూడదు, భూమి కొనకూడదు. కాబట్టి ఎంపీ నిధుల నుంచి గుడి మండపం అని ఎవరైనా మాట ఇస్తే అది అయ్యేది కాదు.

ఇక పంచాయతీ. నా ఉద్దేశంలో మనం అతి తక్కువగా పట్టించుకునే డబ్బు ఇదే. 15వ ఆర్థిక సంఘం 2021-26కు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలని పెట్టింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఈ డబ్బు వస్తుంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. కేంద్రం నుంచి రావాల్సిన గ్రాంట్లు ఆగాయి. ట్రాక్టరు డీజిల్‌కు డబ్బుల్లేక చెత్తబండి తిరగని ఊళ్లు నేను చూశాను. పంచాయతీ కార్యదర్శులు సొంత జేబులోంచి బ్లీచింగ్ కొన్న ఊళ్లూ ఉన్నాయి. ఎన్నికలు వాయిదా పడితే ఊరి మురుగు కాలువకు సంబంధం ఏంటి అనేవాళ్లకు ఇదే జవాబు. మీ పంచాయతీకి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ఊరి పేరు కొట్టి చూడొచ్చు.

సాయం, సిఫార్సు

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు పొద్దున్నే కూర్చునేవాళ్లలో ఎక్కువమంది రోడ్డు కోసం రారు. ఆసుపత్రి బిల్లు కోసం వస్తారు, పింఛను ఆగిందని వస్తారు, రేషన్ కార్డు కోసం వస్తారు. కొన్నిటికి ఎమ్మెల్యే సంతకం నిజంగా అవసరం. ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తులు ఎక్కువగా ప్రజాప్రతినిధి ఆఫీసు ద్వారానే వెళ్తాయి. నిమ్స్ లాంటి చోట ఆపరేషన్‌కు ముందే ఎల్వోసీ (ఖర్చుకు ప్రభుత్వం పూచీ ఇచ్చే కాగితం) కావాలంటే ఆ ఆఫీసు ఇచ్చే సిఫార్సు లెటరే పట్టుకోవాలి. తెలంగాణలో కళ్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలకు తహసీల్దారు విచారణ తర్వాత ఎమ్మెల్యే ఆమోదం కావాలి.

కానీ చాలావాటికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఈ తేడా తెలియక ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఖర్చులు పెట్టుకుని, క్యాంపు ఆఫీసు మెట్ల మీద కూర్చునే ముసలివాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆరోగ్యశ్రీలో ఉన్న జబ్బుకు, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రికి కార్డు పట్టుకుని నేరుగా వెళ్లొచ్చు. తెలంగాణలో ఆ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏ ఆసుపత్రిలో ఉందో 104కు ఫోన్ చేస్తే చెబుతారు. ముందు ఇది అడగండి. పథకం కింద అయ్యే ఆపరేషన్‌కు అప్పు తెచ్చి డబ్బు కట్టి, తర్వాత సహాయ నిధి కోసం తిరిగి, ఖర్చులో కొంతే చేతికి వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇంటికే తెచ్చిస్తారు. ఆగితే ముందు వెళ్లాల్సింది మీ ఊరి సచివాలయానికి. అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, లేదంటే 1100 నంబరుకు. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్లలో ప్రజావాణి ఉంటుంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో తీసుకుంటారు. ఎక్కడ ఇచ్చినా రశీదు తీసుకోకుండా రావద్దు. రశీదు మీదున్న నంబరే రేపు ఎమ్మెల్యేను అడగడానికి ఆధారం. ‘‘సార్, నా పింఛను చూడండి’’ అంటే పీఏ డైరీలో రాసుకుంటాడు. ‘‘ఫలానా తేదీన ప్రజావాణిలో ఇచ్చాను, ఇది నంబరు, ఎంపీడీవో దగ్గర ఆగింది’’ అంటే అక్కడికక్కడే ఫోన్ చేస్తాడు.

భూమి తగాదా, భర్త వదిలేసిన కేసు, కూలి ఎగ్గొట్టిన కేసు లాంటివాటికి న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ నంబరు 15100. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 1987 చట్టంలోనే ఉంది. ఒక్క ఎమ్మెల్యే సభలోనైనా ఈ నంబరు మైకులో చెప్పగా నేను వినలేదు. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. బడ్జెట్ ప్రసంగం కంటే ఎక్కువమందికి ఉపయోగపడుతుంది.

ఆ మహిళా సంఘం లీడరు సంగతికి వస్తాను. సభ అయ్యాక ఆమె ఊరుకోలేదు. సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్ల కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి మండలంలోని ఇంజినీరింగ్ ఆఫీసులో ఇచ్చింది. కల్వర్టు ఎస్టిమేట్ నకలు, పరిపాలనా అనుమతి జీవో నంబరు, టెండరు తేదీ, ఆగితే కారణం. మన దగ్గర ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, గ్రామ స్థాయిలో అసలు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ఆమెకు ఇరవై ఎనిమిదో రోజు జవాబు వచ్చింది. ఎస్టిమేట్ పై ఇంజినీర్ల సర్కిల్ ఆఫీసులో ఆగిందట, ఏదో కొలత సరిచేయమని వెనక్కి పంపారట. ఆ కాగితం పట్టుకుని ఆమె, మరో పదిమంది ఆడవాళ్లు క్యాంపు ఆఫీసుకు వెళ్లారు. ఎమ్మెల్యే గారు అక్కడే ఈఈకి ఫోన్ చేశారు.

మొన్న ఆమెకు ఫోన్ చేసి అడిగాను. ‘‘జీవో వచ్చింది తమ్ముడూ, టెండర్ తెరిచిన్రు, అగ్రిమెంట్ కాలే’’ అంది. పీఏ కూడా ఈసారి ఆ మాటే చెప్పాడట. అగ్రిమెంట్ కాలేదమ్మా అన్నాడట, మంజూరైంది అనలేదు.